ఎనిమిది వేల ఫోన్‌తో మంచి ఫోటోలు తీయొచ్చా?

మీ ప్రశ్న ఏందంటే, చేతిలో ఉన్నది చవక ఫోన్, ఏ ఫోటో తీసినా తెల్లగా, చప్పగా వస్తోంది, మంచి ఎడిటింగ్ యాప్ ఉంటే సరిపోతుందా లేక ఫోనే మార్చాలా అని. మార్చొద్దు. మాది ప్రొద్దుటూరు, నాలుగేళ్ళుగా నేను వాడుతున్నదీ ఎనిమిది వేల ఫోనే, స్క్రీన్ ఒక మూల పగిలి కూడా రెండేళ్ళయింది. యాప్ సంగతి చివర్లో చెబుతా, ఎందుకంటే అది నిజంగానే చివరి సంగతి.

ముందు లెన్స్ తుడవండి. నవ్వకండి, మా ఎండలకు జేబులో చెమట, చేతికున్న జిడ్డు అంతా దాని మీదే ఉంటుంది, మీరు చప్పదనం అంటున్నదాంట్లో కొంత అదే కావచ్చు.

అసలు విషయం నాకు గండికోటలో తెలిసింది. తెల్లారకముందే జమ్మలమడుగు మీదుగా బైకులో పోయి, పెన్నా లోయ అంచున బండల మీద కూర్చుని నలభై ఫోటోలన్నా తీసుంటా, అన్నింట్లోనూ ఆకాశం సున్నం కొట్టిన గోడలాగే వచ్చింది. పక్కన బెంగళూరు నుంచి వచ్చిన పిల్లోడొకడు చూసి చూసి, "అన్నా, ఆకాశం మీద వేలు నొక్కి పట్టుకో, సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి లాగు" అన్నాడు. లాగితే లోయ నల్లబడింది, ఆకాశానికి నారింజ రంగొచ్చింది, బండ అంచున నిల్చున్న మా ఫ్రెండు ఒట్టి నీడలాగా, చెక్కిన బొమ్మలాగా వచ్చాడు. ఆ పొద్దు పనికొచ్చిన ఫోటో అదొక్కటే.

ఎందుకంటే ఫోన్‌కు మీరు తీసేది సూర్యోదయమా, బొగ్గుల కుప్పా అని తెలియదు. మొత్తాన్ని సగటు వెలుతురుకు తెద్దామని చూస్తుంది. నల్ల బండలు ఎక్కువుంటే వెలుతురు పెంచేస్తుంది, దాంతో ఆకాశం తెల్లగా కాలిపోతుంది. చీకట్లోకి పోయినదాన్ని తర్వాత ఎడిటింగ్‌లో కొంత పైకి లాగొచ్చు, తెల్లగా కాలిపోయినదాంట్లో మాత్రం లాగడానికి ఏమీ మిగలదు. కాబట్టి అనుమానం వస్తే వెలుతురు కాస్త తగ్గించే తీయండి. కొన్ని ఫోన్లలో ఆ గుర్తు సూర్యుడిలా కాకుండా ప్లస్, మైనస్ గీతలా ఉంటుంది, పని అదే.

క్రియేటివ్ అంటే గండికోట దాకా పోనక్కర్లేదు. మా వైపు చాలా ఇళ్ళలో వంటింటి గట్టు కడప రాయే కదా, నల్ల బండ. ఒకరోజు మధ్యాహ్నం మా అమ్మ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తుంటే నాలుగు తీసుకుని, బండ మీద నీళ్ళు చల్లి, కిటికీ పక్కన పెట్టా. లైటు ఆపేశా. ఫోన్‌ను బండకు దాదాపు ఆనించి చూస్తే తడిలో మిరపకాయ కింద ఇంకో మిరపకాయ, తలకిందులుగా, అద్దంలో చూసినట్టు. కిటికీ వైపు మెరుస్తోంది, అవతలి వైపు మరీ నల్లగా ఉంది. టీవీ డబ్బాలోంచి వచ్చిన థర్మాకోల్ ముక్కను ఆ చీకటి వైపు నిలబెడితే వెలుతురు తిరిగి పడి ముడతలన్నీ కనబడ్డాయి. థర్మాకోల్ లేకపోతే తెల్ల పంచె మడత పెట్టినా చాలు. మా అమ్మ మాత్రం "ఏందిరా, మిరపకాయకు పెళ్ళిచూపులా" అని చారు పెట్టడానికి అవి వెనక్కి తీసుకుంది, కాబట్టి త్వరగా తీసుకోండి. ఒక మాట, చవక ఫోన్లలో బాగా దగ్గర్నుంచి తీయడానికని, మాక్రో పేరుతో ఇచ్చే 2 మెగాపిక్సెల్ కెమెరా జోలికి పోకండి, మెయిన్ కెమెరాతోనే జానెడు దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించుకుంటే దానికంటే బాగుంటుంది. జూమ్ కూడా అంతే, చవక ఫోన్‌లో జూమ్ అంటే కత్తిరించి సాగదీయడమే, కాళ్ళతో దగ్గరికి పోండి.

చీకటి చోట్ల ఈ ఫోన్లకు కష్టమే, అది ఒప్పుకోవాలి. వెలుతురు చాలక ఒక్కో ఫోటోకు ఎక్కువసేపు తీసుకుంటాయి, ఆలోపు మన చెయ్యి వణుకుతుంది. లేపాక్షి గుళ్ళో వేలాడే స్తంభం దగ్గర అందరూ కింద గుడ్డ దూర్చి తీసే ఫోటోనే నేనూ తీయబోతే అంతా మసక. అప్పుడు ఫోన్‌ను తలకిందులు చేసి, లెన్స్ నేలకు దగ్గరగా వచ్చేట్టు నేల మీదే నిలబెట్టి, పర్సు ఆనించి, మూడు సెకన్ల టైమర్ పెట్టా. రెండు పనులయ్యాయి. ఫోన్ కదల్లేదు కాబట్టి స్పష్టంగా వచ్చింది, పైగా స్తంభం అవతల వంగి చూస్తున్న వాళ్ళ ముఖాలు కనబడ్డాయి. స్తంభం కంటే ఆ ముఖాలే బాగున్నాయి.

ఇక యాప్. నేను స్నాప్‌సీడ్ వాడతా, గూగుల్‌దే, డబ్బులు కట్టక్కర్లేదు. మొదట వంకర సరిచేసి అక్కర్లేనిది కత్తిరిస్తా. తర్వాత ట్యూన్ ఇమేజ్‌లో హైలైట్స్ (బాగా వెలుగున్న చోట్లు) తగ్గించి, షాడోస్ (చీకటి చోట్లు) కొంచెం పెంచుతా, చాలాసార్లు అక్కడితో ఆపేస్తా. సెలెక్టివ్ అని ఉంటుంది, ముఖం మీద చుక్క పెట్టి ఆ ఒక్కచోటే వెలుతురు పెంచుకోవచ్చు, ఎండలో తీసిన ముఖాలకు అది బాగా పనికొస్తుంది. గరుకుతనం ఎత్తి చూపే స్ట్రక్చర్‌ను 20 దాటించొద్దు, గండికోట రాళ్ళు కాస్తా కంకర తేలిన తారు రోడ్డయిపోతాయి. రంగులు చిక్కగా చేసే శాచురేషన్ జోలికి అసలు పోకండి. నా మొదటి ఏడాది ఫోటోల్లో వేరుశనగ చేను ప్లాస్టిక్ గడ్డిలా ఉండేది, ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది.

ఇంకోటి, నేను మోసపోయింది. మా పిన్ని కూతురి నిశ్చితార్థం ఫోటో బాగా కుదిరిందని వాట్సాప్‌లో ఫోటో షాపుకు పంపించి 12 ఇంటూ 18 అంగుళాల ప్రింట్ వేయమన్నా. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటోను పిండేస్తుంది, పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్ళు మిగులుతాయి, 18 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 90 కూడా రావు. పెళ్ళికూతురి నగలన్నీ అలుక్కుపోయాయి. షాపాయన ముందే ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది, చెప్పలేదు, డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు. మీరు పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు పిండదు. ఆ ప్రింట్ ఇప్పటికీ పిన్ని వాళ్ళ హాల్లో ఉంది, గుమ్మం దగ్గర నిలబడి చూస్తే బాగానే ఉంటుంది.