ఒకే యూరియా రేగడిలో నిలుస్తుంది, చెల్కలో ఎందుకు నిలవదు?

ఎగువన చెల్క (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేల), దిగువన రేగడి (నల్లనేల), రెండింట్లో పత్తే. యూరియా ఒకే లెక్కన వేసినా పెద్ద వాన తర్వాత చెల్కలోనే ఆకు పసుపెక్కుతోంది, చెల్కలోని బావి నీళ్లలో నైట్రేట్ ఎక్కువొచ్చింది, ఎందుకని అడిగారు. మాదీ పరకాల వైపే, మాకూ రెండు నేలలున్నాయి.

ఇసుక ఎక్కువ కాబట్టి అంటారు చాలామంది. అది సగమే. బంకమట్టి ఏ ఖనిజంతో అయిందో చూడాలి. రేగడిలో ఎక్కువగా ఉండేది మాంట్‌మొరిల్లొనైట్. దాని పొరల మీద రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశమున్న అమ్మోనియం, పొటాష్ అతుక్కుంటాయి. గ్రానైటు చివికి అయిన మన చెల్కలో బంకే తక్కువ, అందులోనూ కెయొలినైట్ అనే ఖనిజం ఎక్కువ. 100 గ్రాముల మాంట్‌మొరిల్లొనైట్ ఇలాంటి ధనావేశ పోషకాలను 80 నుంచి 120 మిల్లీ ఈక్వివలెంట్లు (ఆవేశాన్ని కొలిచే లెక్క) పట్టుకుంటే, కెయొలినైట్ 3 నుంచి 15 మాత్రమే పట్టుకుంటుంది.

అయితే నైట్రేట్‌ను రేగడి కూడా పట్టుకోలేదు, దానిదీ రుణావేశమే. యూరియా కొద్దిరోజుల్లో అమ్మోనియం అవుతుంది, ఆపైన సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్ చేస్తాయి. రేగడి అమ్మోనియాన్ని పట్టి ఉంచుతుంది, తడిసి ఉబ్బాక నీళ్లను మెల్లగా దిగనిస్తుంది. చెల్కలో ఆ రెండూ లేవు, నైట్రేట్ మొరం దాటి బావిలోకి చేరుతుంది. ఎండాకాలం నెర్రెలు పూడకముందు మాత్రం రేగడిలోనూ ఎరువు చల్లకండి, తొలి వాన నీళ్లు నెర్రెల గుండా నేరుగా కిందికి పోతాయి.

భాస్వరం కథ వేరు. చెల్కకు ఎరుపునిచ్చే ఐరన్ ఆక్సైడ్లు, రేగడిలోని సున్నం దాన్ని గట్టిగా బిగించేస్తాయి. అది బావికి పోదు, మొక్కకూ సులువుగా అందదు. అందుకే భాస్వరం ఉన్న డీఏపీ ఎరువును పైన చల్లడం కన్నా విత్తేటప్పుడే సాలులో వేయడం మేలు.

చెల్కలో మేం యూరియాను కొంచెం కొంచెంగా, మొక్క పక్కన వేసి మట్టి కప్పుతాం. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలయ్యాక చెరువు మట్టి తోలించాం. నాకు అన్నిటికన్నా నమ్మకం దాని మీదే, ఎందుకంటే చెల్కకు లేని బంకను అదే ఇస్తుంది. ఏటా పెంట (పశువుల ఎరువు) కూడా వేయండి, కుళ్లిన పెంట కూడా పోషకాలను పట్టి ఉంచుతుంది.

బావి పక్కన పెంటకుప్ప ఉంటే ముందు అది తీయించండి, నైట్రేట్ అక్కణ్నుంచీ దిగుతుంది. తాగే నీళ్లలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లల పాలపొడి ఆ నీళ్లతో కలపొద్దు. కాచినా నైట్రేట్ పోదు, నీళ్లు ఇంకి ఇంకా చిక్కబడుతుంది.