ముందు బూట్లు చూసుకోండి, ప్యాడ్ల సంగతి తర్వాత

ఇన్నాళ్లూ కింద కొమ్మలు లాగే పని చేసి ఇప్పుడు చెట్టెక్కే పనికి మారుతున్నానని, సొంతంగా స్పర్స్ (చెట్టులోకి దిగే ముల్లుతో కాళ్లకి కట్టుకునే లోహపు కడ్డీలు) కొనాలని, కాలి ఎముక నొప్పి పెట్టకుండా వాటి పైభాగం కాలికి ఆనే చోట ఏ ప్యాడ్లు తీసుకోవాలో అని అడిగారు. నేను మెల్‌బోర్న్‌లో ఆరేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ప్యాడ్ల మీద నేను తగలేసినంత డబ్బు మీరు తగలేయకూడదనే రాస్తున్నా.

మొదటి ఏడాది నావి సెకండ్ హ్యాండ్ స్టీలు స్పర్స్, కాళ్లకి సైట్‌లో అందరూ వేసుకునే మామూలు సేఫ్టీ బూట్లు. పైన్ చెట్టు మీద గంట నిలబడేసరికి మోకాలి కింద లోపలివైపు ఎముక మీద రూపాయి బిళ్లంత మేర కమిలిపోయేది, రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవాణ్ణి. తప్పు ప్యాడ్లదే అనుకుని మూడు జతలు మార్చా. చివరికి మా క్రూలో పెద్దాయన నా బూటు పట్టుకుని రెండు చేతులతో మడిచి చూపించాడు, అట్ట మడిచినట్టు మడతపడింది. బూటు అడుగు అంత మెత్తగా ఉంటే మన బరువంతా స్టిరప్ మీద, అంటే పాదం కింద ఉండే స్పర్ కడ్డీ మీద పడి పాదం పక్కకి ఒరుగుతుంది, దాంతో స్పర్ పై భాగం ఎముకలోకి నొక్కుకుంటుంది. దానికి ఎంత మెత్తటి ప్యాడ్ పెట్టినా ఏం లాభం?

కొనేముందు ఇలా చూడండి. షాపులో నిచ్చెన ఉంటే దాని మెట్టు మీద పాదం వంపు మాత్రమే ఆనేలా ఐదు నిమిషాలు నిలబడండి. మెట్టు కాలికి తెలుస్తోందంటే ఆ జత పక్కన పెట్టేయండి. మడమ విడిగా, ఎత్తుగా ఉండాలి, స్టిరప్ దాని ముందే కూర్చోవాలి కాబట్టి. ఎత్తు 8 అంగుళాలకి తగ్గొద్దు, ఎందుకంటే కింది పట్టీ చీలమండ దగ్గరే బిగుస్తుంది, అక్కడ తోలు పలచగా ఉంటే లేసు ముడి కూడా గుచ్చుకుంటుంది. నేను వేసుకునేది హైక్స్ ప్రొటెక్టర్, చైన్‌సా (మోటారు రంపం) నుంచి రక్షణ కూడా ఉన్న బూటు. నాది చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగిన పాదం, వేళ్ల దగ్గర వెడల్పు, అందుకే సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పనికి వేసుకునే మందం సాక్సుతోనే వేసి చూసి కొన్నా.

బూట్లు వచ్చాకే స్పర్స్ ఎత్తు సెట్ చేసుకోండి. బూటు తొడుక్కుని, మడమ ముందు వంపు నుంచి మోకాలి లోపలివైపు పొడుచుకొచ్చే ఎముక వరకు కొలిచి, అక్కడికి అరంగుళం నుంచి అంగుళం కింద స్పర్ ఆగేలా బిగించండి. ఎక్కువైతే మోకాలు వంచినప్పుడల్లా పొడుస్తుంది, మరీ తక్కువైతే పిక్క మీద నొక్కుతుంది. నాది ముప్పావు అంగుళం ఎత్తుగా ఉండేది, ఏడాది పాటు చూసుకోనేలేదు!

ఇక ప్యాడ్లు. పిక్కలు లావుగా ఉన్నవాళ్లకి ఎల్ (L) ఆకారం ప్యాడ్లు బాగానే నిలుస్తాయి. నావి సన్నటి పిక్కలు, పట్టీ ఎంత లాగినా ప్యాడ్ చుట్టూ తిరిగిపోయేది. కాలిని మొత్తం చుట్టేసి వెల్క్రోతో పట్టుకునే రకానికి మారాక ఆ బాధ పోయింది. చెమటకి వెల్క్రోలో బెరడు పొట్టు ఇరుక్కుంటుంది, వారానికోసారి పాత టూత్ బ్రష్‌తో గీకాలి, అంతే. పై పట్టీ కింద ఒక వేలు దూరాలి. కాలి వేళ్లు తిమ్మిరెక్కేలా బిగించకండి.

గాఫ్‌లో, అంటే చెట్టులోకి దిగే ముల్లులో కూడా రెండు రకాలు. పొడుగుది దళసరి బెరడుకి, పొట్టిది చెక్క కరెంటు స్తంభాలకి. పైన్, స్ట్రింగీబార్క్ (పీచు బెరడు ఉండే యూకలిప్టస్) లాంటి చెట్లు ఎక్కువ ఉంటే పొడుగుదే తీసుకోండి.

అడగలేదు కానీ చెప్తున్నా, స్పర్స్ కొట్టేయబోయే చెట్టుకే. కొమ్మలు కత్తిరించి వదిలేసే చెట్టుకి వేస్తే ప్రతి అడుగూ ఒక గాయం. తాటి, కొబ్బరి జాతి చెట్లకైతే ఆ రంధ్రం ఎప్పటికీ పూడదు. మా తాత నల్గొండ వైపు తాటిచెట్లెక్కేవాడు, నడుముకి మోకు తాడు, కాళ్లకి గుజి అనే తాడు బంధం, చెట్టులోకి ముల్లు దిగే పనే లేదు. ఇక్కడ ట్రైనింగ్‌లో ఈ పాఠం చెప్తుంటే ఆయనే గుర్తొచ్చాడు.

కొన్నవెంటనే ఎత్తుకి ఎక్కేయకండి. మీ యార్డ్‌లో నిలబెట్టిన దుంగ ఏదైనా ఉంటే నేలకి అడుగెత్తులో గాఫ్ దింపి, బెల్టుకుండే లాన్‌యార్డ్ తాడు దుంగకి చుట్టేసి, ఇరవై నిమిషాలు ఫోన్ చూసుకుంటూ వెనక్కి వాలి నిలబడండి. నొప్పి ఎక్కడ మొదలైందో ఫొటో పెట్టండి, పైనా కిందా పట్టీల్లో ఏది సర్దాలో చెప్తాను.