తీసిన ఇంజిన్ ఆయిల్ మళ్లీ పోయొచ్చా: ఓ క్యాబ్ యజమాని 630 రూపాయల లెక్క

ప్రశ్న: మాది విజయవాడ. సొంత డీజిల్ కారును క్యాబ్‌గా తిప్పుతున్నాను. మొన్న గొల్లపూడి దగ్గర రంగు వేయని స్పీడ్ బ్రేకర్ తగిలి ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) పగిలింది. ఆయిల్ కారుతున్నా మెల్లగా వచ్చేశాను. బెంజి సర్కిల్ దగ్గర డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు వెలిగింది. ఆటోనగర్ షెడ్ దగ్గరే కదా అని నడిపేశాను. మిగిలిన రెండు లీటర్ల ఆయిల్‌ను మెకానిక్ మూత ఉన్న డబ్బాలోకి తీశాడు. అది మార్చి 2,500 కిలోమీటర్లే అయింది. మామూలుగా 10,000కు మారుస్తాను. దాన్ని వడగట్టి, ఇంకో లీటరు కొత్తది కలిపి పోయించవచ్చా? తెలిసినవాళ్లు ఫిల్టర్ చేసిన ఆయిల్ లీటరు 150కే ఇస్తామంటున్నారు. ఇకమీదట అది వాడొచ్చా? రిపేరు, కొత్త ఆయిల్ కలిపి 7,000 అంటున్నారు, చేతిలో 2,000 ఉన్నాయి. రోజువారీ ఫైనాన్స్‌లో ఇంకో 10,000 తీసుకుందామనుకుంటున్నాను (చేతికి 9,000 ఇస్తారు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి). పాతది ఇంకా 40 రోజులు ఉంది. డీజిల్, యాప్ కమిషన్, ఇన్సూరెన్స్ పోను నెలకు 34,000 వస్తుంది. కారు ఈఎంఐ 11,400, ఇంకా 14 నెలలు కట్టాలి. ఇంటి ఖర్చు 17,000. ఇదే కారు మీద టాప్-అప్ లోన్ (ఉన్న లోన్ మీదే అదనపు అప్పు) తీసుకుని రెండో బండి కొనాలని కూడా ఉంది. మీ సలహా?

జవాబు: ఆయిల్ సంగతి ముందు తేల్చేద్దాం, మీరడిగినవాటిలో అదే సులువైంది.

కొద్దిగా తిరిగిన ఆయిల్‌ను రిపేరు కోసం దించి, అదే ఇంజిన్‌లో మళ్లీ పోయడం తప్పేమీ కాదు. మంచి మెకానిక్కులు కూడా చేస్తారు. అయితే శుభ్రమైన డబ్బాలోకి దించి ఉండాలి, మూత పెట్టి ఉండాలి, వానా దుమ్మూ తగలకూడదు. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే అందులో నీళ్లో కూలెంటో చేరినట్టు, పారేయాలి. డీజిల్ వాసన గుప్పుమన్నా అంతే. నల్లబడిందని మాత్రం భయపడక్కర్లేదు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా కొన్ని రోజులకే నల్లగా మారుతుంది. పోసేటప్పుడు అడుగున మిగిలే గరిటెడు వదిలేయాలి. ఇంకొకటి, మళ్లీ పోసినంత మాత్రాన దాని ఆయుష్షు మొదటికి రాదు. 2,500 తిరిగిన ఆయిల్ ఇంకో 7,500కే దిగిపోవాలి.

మీ డబ్బాలో ఉన్నది మాత్రం అలాంటి ఆయిల్ కాదు. మీ ఉత్తరంలో మీరు తేలిగ్గా దాటేసిన వాక్యం ఒకటుంది: లైటు వెలిగినా నడిపేశాను అన్నది. ఆ లైటు వెలిగిందంటే ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని. ఇంజిన్‌లో తిరిగే ఇరుసు క్రాంక్‌కూ, దాన్ని మోసే బేరింగులకూ మధ్య ఉండాల్సిన ఆయిల్ పొర పలచబడి, లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఆ రాపిడిలో రాలిన పొడి ఆయిల్‌లోనే చేరుతుంది. అందులో చాలా భాగం కంటికి కనపడదు, గుడ్డకూ జాలీకీ అసలే చిక్కదు. ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడండి. సన్న ఇసుకలా గరగరలాడితే సాక్ష్యం చేతికి దొరికినట్టే. గరగరలాడకపోయినా ఆ రెండు లీటర్లు వదులుకోండి. లెక్క ప్రకారం పావు వంతే వాడిన ఆయిలే, కానీ ఆ చివరి మూడు కిలోమీటర్లు దాన్ని చెడగొట్టాయి.

ఎలాగూ చాంబర్ దించే ఉంది కాబట్టి మెకానిక్‌ను రెండు పనులు అడగండి. ఆయిల్ పంపు కింద ఉండే సక్షన్ జాలీ కడగమనండి. ఒక కనెక్టింగ్ రాడ్ క్యాప్ విప్పి బేరింగ్ ముఖం చూడమనండి. గీతలు పడ్డాయో లేదో ఇప్పుడైతే తక్కువ లేబర్‌తో తెలిసిపోతుంది. చాంబర్ బిగించాక చూడాలంటే మళ్లీ అంతా విప్పాలి. కొత్త ఆయిల్‌తో పాటు ఫిల్టర్ కూడా మార్చండి, పాత ఫిల్టర్‌లోనూ ఆ పొడే ఉంటుంది.

150 రూపాయల ఆయిల్ గురించి ఎక్కువ మాట్లాడను. ఆయిల్‌ను ఆయిల్‌గా పనిచేయించేది అందులో కలిపే రసాయనాలు: మసిని విడదీసి ఉంచేవి, ఆమ్లాన్ని విరిచేవి, అరుగుదలను ఆపేవి. వాడేకొద్దీ అవి ఖర్చయిపోతాయి. వడగడితే చెత్త పోతుందేమో గానీ పోయిన మందు తిరిగి రాదు. రిఫైనరీలో పద్ధతిగా శుద్ధి చేసి, మళ్లీ రసాయనాలు కలిపి, గ్రేడ్ ముద్రతో అమ్మే రీ-రిఫైన్డ్ ఆయిల్ వేరు. మీకు అమ్మజూపుతున్నది డ్రమ్ములో తేర్చిన నూనె. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం, 2016 నాటి నిబంధనల ప్రకారం అది అనుమతి ఉన్న రీసైక్లర్లకే వెళ్లాలి. మీ డబ్బాను కూడా ఆ దారినే పంపమని షెడ్‌లో చెప్పండి. సెంట్రింగ్ చెక్కలకు పూయడానికని ఎవరో అడుగుతారు, ఇవ్వొద్దు. ఇంట్లో బైక్ ఉంటే అందులో పోసే ఆలోచన కూడా వద్దు. చాలా బైకుల్లో క్లచ్ అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది.

ఇక నా పని, డబ్బు లెక్క. మీరు రక్షించుకోవాలనుకున్నదాని విలువ లెక్కేద్దాం. రెండు లీటర్లు, లీటరు 420 చొప్పున 840. పావు వంతు వాడేశారు కాబట్టి 630. బేరింగులు పట్టేసి ఇంజిన్ విప్పాల్సి వస్తే బిల్లు వేలల్లో ఆగదు, పదివేలల్లో ఉంటుంది. పైగా బండి పది రోజులు షెడ్‌లో ఉంటే రోజుకు 1,300 చొప్పున మీ సంపాదన 13,000 పోతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. ఇంత తేడా మీకు తెలియక కాదు. చేతిలో 2,000 మాత్రమే ఉన్నవాడికి 630 పెద్దగానే కనిపిస్తుంది. బెంజి సర్కిల్‌లో బండి పక్కకు ఆపి టోయింగ్‌ను పిలవకపోవడానికి కారణం కూడా అదే అయి ఉంటుంది. అత్యవసర నిధి లేకపోవడం అంటే ఇదీ. డబ్బు లేని మనిషి కళ్ల ముందు లైటు వెలుగుతున్నా బండి నడుపుతాడు.

సొంత బండి తిప్పుకునే చాలామంది ఉత్తరాల్లో ఈ పొరపాటే చూస్తున్నాను, అందుకే మీది ఎంచుకున్నాను. మీ ఆదాయం 34,000 కాదు. అందులో బండి అరుగుదల తీయలేదు. నెలకు 4,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. ఆయిల్, ఫిల్టర్ కలిపి 1,600, పదివేల కిలోమీటర్లకు కిలోమీటరుకు 16 పైసలు. నాలుగు టైర్లు 18,000, నలభై వేల కిలోమీటర్లు వస్తే 45 పైసలు. బ్రేకులు, క్లచ్, బ్యాటరీ, సస్పెన్షన్, ఇలా పగిలే చాంబర్లు కలుపుకుంటే రూపాయి అవుతుంది. నెలకు 4,000. మీ అసలు సంపాదన 30,000. ఆ నాలుగు వేలు ప్రతి నెలా ఇంటికీ వాయిదాలకూ ఖర్చయిపోతున్నాయి, టైరు అరిగిన రోజున ఫైనాన్స్ వాడి దగ్గరికి పంపుతున్నాయి.

ఆ ఫైనాన్స్ సంగతి చూద్దామా? చేతికొచ్చేది 9,000. కట్టేది 10,000. వెయ్యే కదా అంటారు. కానీ మర్నాటి నుంచే వంద వంద తిరిగి ఇచ్చేస్తున్నారు, కాబట్టి వంద రోజుల్లో సగటున మీ దగ్గర ఉండేది దాదాపు 4,700 మాత్రమే. దాని మీద వెయ్యి వడ్డీ. మన లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు ఆరు రూపాయల పైమాట, ఏడాదికి 77 శాతం. ఊళ్లో మూడు రూపాయల వడ్డీ తీసుకునేవాణ్ణి జలగ అంటాం, ఇతన్ని మాత్రం సమయానికి ఆదుకున్నాడంటాం! పాతది తీరకుండా రెండోది తీసుకుంటే రోజుకు 200 కట్టాలి. ఈఎంఐ, ఇంటి ఖర్చు, పాత ఫైనాన్స్ 3,000 పోను నెలకు మీకు మిగిలేది 2,600. అందులోంచి మరో మూడు వేలు కట్టాలంటే లోటే. అప్పుడు మూడోది. ఇది ఎక్కడికి పోతుందో ఆటోనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. వద్దు. లోన్ యాప్‌ల వైపు కూడా వెళ్లొద్దు.

ఇప్పటికి కావలసింది 5,000, బేరింగ్ చూసే లేబర్‌తో కలిపి 6,000 అనుకోండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువ పెట్టండి, నూటికి నెలకు రూపాయి లోపే పడుతుంది. మీ ఆవిడ డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ అడగొచ్చు. మీకు మిగిలే 2,600తో మూడో నెలకల్లా తీరిపోతుంది. పాత ఫైనాన్స్‌ను ముందుగా తీర్చేయాలని హడావిడి పడకండి. వీళ్లు సాధారణంగా ముందు కట్టినా రూపాయి తగ్గించరు. ఆ 40 రోజులు అలాగే కట్టేయండి.

నలభై ఒకటో రోజున కూడా ఆ వంద కట్టండి, ఈసారి మీకే. వేరే బ్యాంకులో ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి. దానికి ఫోన్‌లో యూపీఐ పెట్టుకోవద్దు. రోజూ రాత్రి వంద అందులోకి పంపండి. ఇన్నాళ్లూ ఎండైనా వానైనా పరాయివాడికి కట్టగలిగినప్పుడు మీకు మీరు కట్టుకోలేరా? నెలకు 3,000 అయింది. బంగారం విడిపించాక మిగిలే 2,600లో ఇంకో వెయ్యి చేర్చితే కిలోమీటరుకు రూపాయి లెక్క సరిపోతుంది. ఇది బండి డబ్బు. ఆయిల్, టైర్లు, టోయింగ్ అన్నీ ఇందులోంచే. పండగలకూ స్కూలు ఫీజులకూ ముట్టుకోవద్దు. ఇందులో 20,000 చేరితే ఇలాంటి ఉత్తరం మళ్లీ రాయరు. ఇంటి కోసం మూడు నెలల ఖర్చు, అంటే 51,000, వేరుగా ఉండాలి. మిగిలిన 1,600 దానికి. చీటీని ఈ నిధిగా లెక్కపెట్టొద్దు. అవసరం వచ్చిన రోజే పాట ఉండదు.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక్క హెచ్చరిక. స్పీడ్ బ్రేకర్ తగిలి చాంబర్ పగిలితే ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగిన నష్టం) కింద అడగొచ్చు. చిన్న బిల్లుకు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) పోగొట్టుకోవడం ఎలాగూ దండగే. కానీ దెబ్బ తగిలిన బండిని రిపేరు చేయించకుండా నడిపితే ఆపైన జరిగే నష్టం మీదేనని మన మోటారు పాలసీల షరతుల్లో ఉంటుంది. కాబట్టి ఇంజిన్ పోయి ఉంటే ఆ ఖర్చు కంపెనీ మీద వేయగలమనుకోకండి. పాలసీ బయటికి తీసినప్పుడు ఓనర్-డ్రైవర్‌కు 15 లక్షల ప్రమాద కవర్ ఉందో లేదో కూడా చూసుకోండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్ష బీమా (ప్రమాద బీమా), 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా) రెండూ ఈ వారమే చేరండి. బంగారం విడిపించాక టర్మ్ పాలసీ.

రెండో బండికి టాప్-అప్ అన్నారు. ఒక బండికి ఆయిల్ మార్చడానికి అప్పు చేయాల్సి వస్తున్నప్పుడు రెండో బండి అంటే రెండు చాంబర్లు, ఎనిమిది టైర్లు, ఇంకో డ్రైవర్ జీతం. 14 నెలల్లో తీరిపోయే ఈఎంఐని మళ్లీ నాలుగైదేళ్లు సాగదీయడం నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఆ 14 నెలలు ఆగితే అక్కడి నుంచి నెలకు 11,400 చేతిలో మిగులుతాయి. ఆ తర్వాత రెండు మూడు నెలల్లో ఇంటి నిధి 51,000 పూర్తవుతుంది. అప్పుడు పాస్‌బుక్ చూసుకుని రాయండి, ఏ బండి కొనాలో మాట్లాడుకుందాం.