పార్కింగ్ టోకెన్ పోతే 500 ఫైన్ వేస్తారా?

సందేహం: మాది హైదరాబాద్. పోయిన నెల ఒక ఆదివారం మా ఆవిడ, పిల్లలతో కలిసి కారులో ఒక మాల్‌కు వెళ్లాం. రెండు గంటల పది నిమిషాలు ఉన్నాం. బట్టల షాపులో 1,840 రూపాయల బిల్లు అయింది. తీరా బయటకు వస్తుంటే పార్కింగ్ టోకెన్ కనిపించలేదు. ఎక్కడో పడిపోయినట్టుంది. బట్టల బిల్లు చూపించినా గేటు దగ్గరి కుర్రాడు ఒప్పుకోలేదు. పార్కింగ్‌కు 60, టోకెన్ పోగొట్టినందుకు ఫైన్ 500, మొత్తం 560 కడితే గానీ గేటు ఎత్తనన్నాడు. వెనక కార్లవాళ్లు హారన్లు కొడుతుంటే టెన్షన్‌తో యూపీఐలో కట్టేసి వచ్చాను. ‘టోకెన్ పోతే 500’ అన్న కాగితం గేటు దగ్గర క్యాబిన్ అద్దానికి అతికించి ఉంది. దాని కిందే ‘వాహనాలకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అని కూడా రాశారు. ఇలా వసూలు చేసే హక్కు వాళ్లకుందా? 560 రూపాయల కోసం కోర్టుకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు

సమాధానం: మీరు కట్టింది ఒకే మొత్తమైనా అందులో రెండు వేర్వేరు వసూళ్లున్నాయి. 60 రూపాయలకు జవాబు తేలిక. 500కే కాస్త వివరంగా చెప్పాలి.

మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాల్లో పార్కింగ్ ఫీజుపై తెలంగాణ పురపాలక శాఖ 2018 మార్చి 20న జీవో నంబర్ 63 ఇచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మొదటి 30 నిమిషాలు ఎవరి దగ్గరా పైసా తీసుకోకూడదు. మీరు ఏమీ కొనకపోయినా సరే. అరగంట దాటి గంటలోపు అయితే అక్కడ కొన్నట్టు ఏదో ఒక బిల్లు చూపిస్తే చాలు, ఫీజు ఉండదు. గంట దాటితే మాత్రం మీ బిల్లు గానీ సినిమా టికెట్ గానీ పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ మొత్తానిదై ఉండాలి. మీ బిల్లు 1,840, ఫీజు 60. ఇక లెక్క వేయాల్సింది ఏముంది? బిల్లు చూపించాక తీసుకున్న ఆ 60 జీవోకు విరుద్ధం. బిల్లు లేకుండా రెండు గంటలు తిరిగి వచ్చి ఉంటే మాత్రం ఫీజు కట్టాల్సిందే. అప్పుడు నాలాంటి లాయర్‌ను అడిగినా లాభం లేదు.

‘మా స్థలంలో బండి పెట్టుకుని మాకే రూల్స్ చెబుతారా’ అనే మాట గేట్ల దగ్గర తరచూ వింటుంటాం. పార్కింగ్ అనేది మాల్ యజమాని దయతలచి ఇచ్చేది కాదు. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం ఇంత విస్తీర్ణానికి ఇంత పార్కింగ్ చూపిస్తేనే ఆ కట్టడానికి అనుమతి వస్తుంది. ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించి అనుమతి తెచ్చుకున్నాక అదే జాగాను ఇష్టమొచ్చిన రేటుకు వ్యాపారం చేసుకుంటామంటే కుదరదు.

ఇక 500 సంగతి. వాళ్లు దాన్ని ‘ఫైన్’ అన్నారు. ఫైన్ వేసే అధికారం పోలీసులకో, మున్సిపాలిటీకో, కోర్టుకో చట్టం ఇస్తుంది. మాల్‌లో పార్కింగ్ కాంట్రాక్టు తీసుకున్న ప్రైవేటు మనిషికి అలాంటి అధికారం లేదు. మీకూ అతనికీ మధ్య ఉన్నది ఒప్పందం ఒక్కటే. ఒప్పందం తప్పితే ఎంత రాబట్టుకోవచ్చో భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 74 చెబుతుంది. ఒప్పందంలో ఇంత పెనాల్టీ అని ముందే రాసుకున్నా సరే, అవతలి వాడికి దక్కేది న్యాయమైన పరిహారమే. రాసుకున్న అంకె దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. అంత మొత్తం దానంతటదే వచ్చి ఒళ్లో పడదు.

మీ టోకెన్ పోతే వాళ్లకు జరిగిన నష్టమేమిటి? ప్లాస్టిక్ బిళ్ల అయితే దాని ఖరీదు, కాగితం చీటీ అయితే అదీ లేదు. మీ కారు ఎప్పుడు లోపలికి వచ్చిందో తెలియదు కాబట్టి రోజంతా ఉందనుకోవాలి కదా అని వాదించవచ్చు. కానీ లోపలికి వచ్చే దారిలో నంబరు ప్లేటు ఫొటో తీసే కెమెరా ఉంటే ఆ వాదన నిలవదు. మీ బండి వచ్చిన టైము వాళ్ల కంప్యూటర్‌లోనే ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ కాగితం అతికించింది బయటకు వెళ్లే గేటు దగ్గర అన్నారు. షరతు అనేది బండి లోపలికి పెట్టేటప్పుడు తెలియాలి. అది చదివి, ఇష్టం లేకపోతే వెనక్కి తిప్పుకుని వెళ్లే అవకాశం ఉండాలి. రెండు గంటల తర్వాత, ముందు గేటు, వెనక ఇరవై కార్లు ఉన్నప్పుడు చూపించిన కాగితాన్ని మీరు ఒప్పుకున్న షరతు అనలేం. ఆ మాలుకు మళ్లీ వెళ్లే పని ఉంటే లోపలికి వెళ్లే దారిలో కూడా అలాంటి బోర్డు ఉందేమో చూసి ఫొటో తీయండి. అక్కడ పెద్ద అక్షరాలతో బోర్డు ఉంటే మీ వాదనలో ఈ ముక్క బలం తగ్గుతుంది. మిగతాది అలాగే ఉంటుంది.

అయితే టోకెన్ లేనప్పుడు ఆర్సీ, గుర్తింపు కార్డు చూపించమని అడిగితే కోపం తెచ్చుకోకండి. కారు దొంగ కూడా టోకెన్ పోయిందనే చెబుతాడు. ఆ తనిఖీ మన మంచికే.

గేటు ఎత్తకపోవడం గురించి. దారిన పోయే హక్కున్న మనిషిని అక్రమంగా అడ్డుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 126 కింద నేరం. నెల వరకు సాధారణ జైలు శిక్ష, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. చట్టంలో ఉంది కదా అని మీకు నేను క్రిమినల్ కేసు పెట్టమని చెప్పను. డబ్బు కట్టాలా వద్దా అన్న తగాదాగానే పోలీసులు దీన్ని చూస్తారు, పైగా జీతానికి నిలబడ్డ ఆ కుర్రాడి మీద పడుతుంది. ఇంకోసారి ఇలా జరిగితే 100కు ఫోన్ చేస్తానని నెమ్మదిగా చెప్పి, మేనేజర్‌ను పిలిపించమనండి. చాలాసార్లు గేటు అక్కడే లేస్తుంది. లేవకపోతే కట్టేయండి. కానీ యూపీఐలో నోట్ రాసే చిన్న గడి ఉంటుంది చూడండి, అందులో ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రెండు ముక్కలు కొట్టండి. తేదీ, టైముతో సహా అది మీకు సాక్ష్యంగా ఉంటుంది.

‘యాజమాన్యం బాధ్యత వహించదు’ అన్న బోర్డుతో మీకు ఇప్పుడు పని పడలేదు గానీ, అడిగారు కాబట్టి చెబుతాను. ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్ కేసులో 1998లో ఒక వ్యక్తి తన మారుతి జెన్ కారు తాళాలు వ్యాలేకు, అంటే బండ్లు పార్క్ చేసిపెట్టే హోటల్ మనిషికి, ఇచ్చి లోపలికి వెళ్లాడు. రాత్రి ఒంటి గంటకు బయటకు వచ్చేసరికి కారును వేరెవరో తీసుకుపోయారు. టోకెన్ మీద ‘ఓనర్ రిస్క్’ అని ఉంది కాబట్టి తమకు సంబంధం లేదని హోటల్ వాదించింది. తాళాలు తీసుకుని బండిని తన అధీనంలో పెట్టుకున్నాక, సొంత నిర్లక్ష్యం నుంచి అలాంటి షరతు కాపాడదని సుప్రీంకోర్టు 2019 నవంబర్ 14న తేల్చింది. మీలా సొంతంగా పార్క్ చేసి తాళాలు జేబులో వేసుకున్నప్పుడు ఆ తీర్పు అంత నేరుగా వర్తించదు. అలాగని బోర్డు పెట్టినంత మాత్రాన చేతులు దులుపుకోవడమూ కుదరదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మాల్ యాజమాన్యానికీ, పార్కింగ్ కాంట్రాక్టర్‌కూ కలిపి ఒక ఉత్తరం రాయండి. లాయర్ నోటీసే అక్కర్లేదు. నా ఫీజు ఆ 560 కంటే ఎక్కువే అవుతుంది మరి. ఇలా రాస్తే చాలు:

‘ఫలానా తేదీన, ఫలానా నంబరు కారులో మీ మాల్‌కు వచ్చాను. 1,840 రూపాయల కొనుగోలు బిల్లు చూపించినా జీవో నంబర్ 63కు విరుద్ధంగా 60 రూపాయలు, టోకెన్ పోయిందన్న కారణంతో 500 రూపాయలు వసూలు చేశారు. 500 వసూలుకు ఆధారమేమిటో, మీకు జరిగిన నష్టమెంతో తెలపండి. 15 రోజుల్లో 560 రూపాయలు తిరిగి చెల్లించకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.’

స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, ఈమెయిల్ కూడా పెట్టండి. ఒక కాపీ మున్సిపల్ కార్పొరేషన్‌కు పంపండి. ఈ జీవోను ఉల్లంఘించిన మాల్స్‌కు జీహెచ్ఎంసీ గతంలో 50 వేల రూపాయల జరిమానా వేసిన సందర్భాలున్నాయి. ఆ భయంతోనే చాలామంది ఉత్తరం దశలోనే డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు కేసు వేయవచ్చా అంటే, నిస్సందేహంగా వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి దగ్గర నుంచే ఫిర్యాదు వేయవచ్చు. గడువు రెండేళ్లు. ఫిర్యాదు రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. ‘ఇది అన్యాయమైన ఒప్పందం’ అని రాయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఆ మాటకు ప్రత్యేకమైన అర్థం ఉంది, ఆ ఫిర్యాదులు వినేది రాష్ట్ర కమిషన్. జిల్లా కమిషన్‌లో వేస్తే, ఇక్కడ చెల్లదని అవతలి లాయర్ మొదటి వాయిదాలోనే లేస్తాడు. చట్ట ప్రకారం తీసుకోవాల్సిన దానికంటే ఎక్కువ వసూలు చేశారనీ, అది అనుచిత వ్యాపార పద్ధతి, సేవాలోపం అనీ రాయండి.

చట్టం మూడు నెలల్లో తేల్చమంటుంది. వాస్తవంలో వాయిదాలు అంతకంటే ఎక్కువే పడతాయి. డబ్బు తిరిగి వచ్చినా, కొంత పరిహారం, ఖర్చులు ఇప్పించినా, మీరు తిరిగిన రోజులకు అది సరితూగదు. ఆ మాట ముందే తెలుసుకుని దిగండి. ఉత్తరం, మున్సిపల్ ఫిర్యాదు మాత్రం తప్పకుండా పంపండి. వాటికయ్యే ఖర్చు ఒక పూట.

ఒకసారి ఒక పెద్దాయన నా దగ్గరకు ఇలాంటి తగాదాతోనే కవర్ నిండా చీటీలు తెచ్చారు. టేబుల్ మీద పరిస్తే సగం తెల్ల కాగితాలే. షాపు బిల్లులు, పార్కింగ్ రసీదులు వేడి తగిలితే అచ్చయ్యే కాగితం మీద వస్తాయి, కారు డాష్‌బోర్డు మీద ఎండలో పెడితే అక్షరాలు చెరిగిపోతాయి. మీ 1,840 బిల్లును, 560 రసీదును ఈ రోజే ఫొటో తీయండి. బిల్లు మీద టైము కనిపించేలా తీయండి. ఉత్తరంలో ఇంకో వాక్యం కూడా చేర్చండి: ‘ఆ రోజు నా వాహనం లోపలికి వచ్చిన, బయటకు వెళ్లిన సీసీటీవీ ఫుటేజీని భద్రపరచండి.’ చాలాచోట్ల అది కొన్ని వారాల్లోనే దానంతటదే చెరిగిపోతుంది. మీకు జరిగి ఇప్పటికే నెల కావస్తోంది కాబట్టి ఉత్తరం రేపే పోస్టు చేయండి.