జపాన్ తరహా వంటింటి కత్తులు చేయడం విజయవాడలో నేర్చుకోవచ్చా?

విజయవాడలో ఉంటూ ఈ పని నేర్చుకోవచ్చా, జపాన్ వెళ్లాలా, ఉక్కు ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు. ఇక్కడే నేర్చుకోవచ్చండి. నేను ఒక కమ్మరి బాబాయి కొలిమి దగ్గర మొదలుపెట్టాను. కాకపోతే వీడియోల్లో కనిపించినంత సమ్మెట పని ఉండదు. సమయమంతా సాన దగ్గరే పోతుంది.

ముందు ఏ కత్తి చేయాలో తేల్చుకోండి. కొత్తవాళ్లు చాలామంది పచ్చి చేప కోసే యనగిబా మీద పడతారు. దానికి ఒకవైపే పదును, రెండోవైపు కాస్త లోతుగా గుల్ల తీయాలి. మొదట్లో చేతికి లొంగదు, పైగా మనింట్లో దానితో కోసేదేముంది? నకిరి చేయండి. అది కూరగాయల కత్తి, అంచు దాదాపు తిన్నగా ఉంటుంది. అట్టముక్క మీద 165 మి.మీ. పొడవు, 50 మి.మీ. వెడల్పు గీసి కత్తిరించి, పలక మీద దొండకాయ కోస్తున్నట్టు ఆడించి చూడండి. వేళ్ల కణుపులు పలకకు తగిలితే వెడల్పు పెంచాలి. కత్తిపీటతో పెరిగిన మనకు ఈ సంగతి తట్టదు, అక్కడ చెయ్యి కిందకి దిగే పనే లేదు కదా.

జపాన్‌వాళ్లు ఎక్కువగా వాడే షిరోగామి, అవోగామి ఉక్కుల్లో కార్బన్ 1 శాతం పైనే ఉంటుంది. మన ఆటోనగర్‌లో దొరికేది లారీ కమాన్ కట్ట. అందులో సుమారు 0.5–0.6 శాతమే కాబట్టి జపాన్ కత్తికుండే గట్టిదనం (రాక్‌వెల్ అనే కొలతలో 60 పైన) దీనికి రాదు. అయినా నేర్చుకోవడానికి ఇదే మేలు. చవక, నూనెలో ముంచితే గట్టిపడుతుంది, త్వరగా విరగదు. పాత కట్టలో కనిపించని పగుళ్లుంటాయి, కొత్తదాని ముక్క ఇస్తారేమో అడగండి. బేరింగుల ఉక్కు ఈఎన్31 ఇంకా గట్టిది గానీ, దాన్ని ఒకే వేడి మీద కొన్ని నిమిషాలు నిలపాలి. బొగ్గు కొలిమిలో అది కష్టం.

వేడి చూడ్డానికి అయస్కాంతం చాలు. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు దానికి అంటుకోవడం మానేస్తుంది. ఇంకొంచెం ఎర్రబడ్డాక గోరువెచ్చటి వేరుశనగ నూనెలో నిలువుగా ముంచండి. బాబాయి కొడవలిని నీళ్లలో ముంచేవాడు, కానీ ఇంత పలచటి రేకు నీళ్లలో పగలొచ్చు. గట్టిపడ్డ కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది, కింద పడేయకండి. వెంటనే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు ఉంచాలి.

ఇక సాన. మీ కత్తి జపాన్ కత్తిలా కోయాలంటే పదును పెట్టకముందే అంచు దగ్గర మందం 0.3 మి.మీ.కి దిగాలి. వెన్ను 2–3 మి.మీ. ఉన్నా ఫర్వాలేదు. చేతి తొడుగులు తీసేసి పట్టుకోండి, వేలికి చురుక్కుమనగానే నీళ్లలో ముంచండి. నీలిరంగు తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. మాస్క్ మాత్రం తీయొద్దు. చివరి పదును ఒక్కోవైపు 15 డిగ్రీలు, 1000 నంబరు నీటి సానరాయి మీద.

నిమ్మకాయ, మామిడికాయ కోశాక వెంటనే కడిగి తుడవాలి, లేకపోతే తుప్పే. ఆవకాయ ముక్కలకు ఆ కత్తి ఇవ్వనని ఇంట్లో ముందే చెప్పేయండి. టెంక మీద పడితే అంచు పెచ్చులూడిపోతుంది.