గరాజ్‌లో ఇంజిన్ దింపుదామనుకుంటున్న ఫ్రిస్కో పాఠకుడికి

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి): అన్నా, మేం టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 38. నేనూ మా ఆవిడా ఇద్దరం హెచ్-1బి మీద ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు. నెల ఖర్చు 7,200 డాలర్లు, అత్యవసరానికి దాచింది 19,000, నెలకి 1,400 దాకా మిగులుతుంది. రెండేళ్ల కిందట ముచ్చటపడి 2002 మోడల్ పోర్షే 911 టర్బో కొన్నాను, దాని మీద ఇంకా 21,000 లోన్ ఉంది, నెలకి 520 కడుతున్నాను. ఇప్పుడు కూలెంట్ లీకవుతోంది. షాపులో చూపిస్తే పైపులు వదులైపోయాయి, ఇంజిన్ దింపాల్సిందే, పనిలో పనిగా క్లచ్ కూడా మార్చాలి, మొత్తం 9,400 అన్నారు. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లు దింపినవాడు, చిన్నప్పటి నుంచీ పక్కన పానాలు అందించినవాణ్ణి, నాకు భయం లేదు. ఇంట్లోనే చేస్తే 3,500లో అయిపోతుంది. ఆఫీసు రిటైర్మెంట్ పొదుపు ఖాతా 401(కె) నుంచి 10,000 లోన్ తీసుకుని, సామాన్లు కొని, వీడియోలు తీసి పెడితే ఆ డబ్బూ వెనక్కి వస్తుందని నా ప్లాన్. మా ఆవిడ అమ్మేయమంటోంది. లీక్ సంగతి చెప్పినా 49,000 ఇస్తానని ఒకాయన ఉన్నాడు. ఏం చేయమంటారు? నాన్నని రప్పించి సాయం పెట్టుకోవచ్చా?

జవాబు: ముందు కారు తాళాలు మీ ఆవిడకిచ్చేయండి. ఉత్తరంలో "అప్పుడప్పుడూ ఆఫీసుకి తీస్తున్నాను" అని ఒక మూలన రాశారు, నేను చదవలేదనుకున్నారేమో. మీ కారులో రేడియేటర్లు ముందు, ఇంజిన్ వెనక. కూలెంట్ కారు పొడవునా ముందుకీ వెనక్కీ తిరుగుతుంది, ఇరవై లీటర్ల పైమాటే. ఇంజిన్ దగ్గర అల్యూమినియం హౌసింగుల్లోకి వెళ్లే కొన్ని పైపుల్ని మర వేసి బిగించలేదు, జిగురుతో అతికించారు. ఇరవై ఏళ్లకు పైగా వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడంతో ఆ జిగురు పట్టు వదిలేస్తుంది. ఇవాళ చుక్కలు చుక్కలుగా కారేది రేపు హైవే మీద పైపే ఊడి వచ్చిందంటే, ఆ కూలెంటంతా మీ వెనక టైర్ల మీద పడుతుంది, 70 మైళ్ల వేగంలో కారు మీ చేతిలో ఉండదు. మీకేమీ కాకపోయినా వేడికి ఇంజిన్ దెబ్బతింటే అప్పుడు 9,400 చాలా చిన్న అంకెలా కనపడుతుంది. మీ తరం 911ని 996 అంటారు, ఆ పేరు వినగానే అందరూ భయపెట్టే ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపల ఒక షాఫ్ట్‌ని మోసే బేరింగ్) గొడవ మీ టర్బో ఇంజిన్‌కి లేదు, అది టర్బో లేని మామూలు కారెరా 911లది, కాబట్టి మంచి ఇంజినే మీది. ఉన్న మంచి ఇంజిన్‌ని మాడ్చుకోకండి. ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీదే.

ఇక లెక్కలు. 3,500 అని మీరు రాసింది పార్టుల ఖర్చు. అది పని ఖర్చు కాదు. ఆ ఇంజిన్ పైకి రాదు, కింద నుంచి దిగుతుంది. అంటే కారుని బాగా ఎత్తి నిలబెట్టాలి, ఇంజిన్ గేర్‌బాక్స్ కలిపి పావు టన్నుకు పైనే ఉండే బరువుని ఒక టేబుల్ మీదకి దించాలి, ఆ టేబుల్‌ని కారు కింద నుంచి బయటికి లాగాలి. మీ లిస్టులో లిఫ్టు లేదు, టేబుల్ లేదు, గట్టి స్టాండ్లు లేవు, కూలెంట్ మళ్లీ నింపేటప్పుడు గాలి చిక్కుకోకుండా వాక్యూమ్‌తో నింపే సాధనం లేదు. వీటికి నేను 2,000 వేశాను. కూలెంట్, ఆయిల్, సీళ్లు, క్లిప్పులు అన్నీ కలిపి 400. ఆపైన "ఎలాగూ ఇంజిన్ దించాం కదా" అనే జబ్బు ఒకటుంది, పాత కార్లవాళ్లందరికీ తెలిసిందే. క్లచ్ మార్చేటప్పుడు దాన్ని పనిచేయించే స్లేవ్ సిలిండర్ చూస్తారు, అదీ కారుతూ ఉంటుంది. వాటర్ పంప్ ఎదురుగా కనపడుతుంది, ఇంకో పదేళ్లు ఎవరు ఆగుతారు అనిపిస్తుంది. రబ్బరు గొట్టాలు చేత్తో ముట్టుకోగానే పెళుసుగా విరుగుతాయి. దీనికి ఇంకో 1,000 పక్కన పెట్టండి. మొత్తం 6,900. పని అయ్యాక లిఫ్టూ టేబులూ సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే ఒక వెయ్యి వెనక్కి వస్తుందనుకుందాం, 5,900.

కాబట్టి షాపు అడిగిన 9,400తో పోలిస్తే మీకు మిగిలేది మీరనుకున్న 5,900 కాదు, 3,500. విచిత్రంగా అంకెలు అటూ ఇటూ మారిపోయాయి చూశారా, మీ ఖర్చనుకున్నది మిగులైంది, మిగులనుకున్నది ఖర్చైంది.

అయితే 3,500 తక్కువేం కాదు. ఇక్కడ చాలామంది సలహాదారులు "మీ టైమ్ గంటకి ఇన్ని డాలర్లు, మీరు పానా పట్టడం నష్టం" అని చెప్తారు. నేను ఒప్పుకోను. హెచ్-1బి మీద ఉన్నవాడు ఆదివారం పూట ఇంకో చోట పని చేసి ఆ గంటని అమ్ముకోలేడు, కాబట్టి ఆఫీసు జీతంతో ఆ గంటని పోల్చడం తప్పు లెక్క. పైగా ఇంట్లో మిగుల్చుకున్న కూలికి ట్యాక్స్ లేదు. మీరు 22 శాతం బ్రాకెట్‌లో ఉన్నారు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి ఇంకో 7.65. టెక్సస్‌లో రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు కాబట్టి సరిపోయింది. షాపువాడికి 9,400 చేతికివ్వాలంటే మీరు దాదాపు 13,400 సంపాదించాలి. మొదటిసారి చేస్తున్నారు కాబట్టి వంద గంటలు పడుతుందనుకుంటే, మిగిలిన 3,500 అంటే గంటకి 35 డాలర్లు, అదీ ట్యాక్స్ పోగా. కూలి గిట్టుబాటే. కానీ ఆ వంద గంటలు పన్నెండు శనివారాలు, పిల్లల్ని సాకర్‌కి ఎవరు తీసుకెళ్తారన్నది నేను డాలర్లలో వేయలేను, మీ ఆవిడ వేయగలరు, అడగండి.

ఆటోనగర్ ధైర్యం గురించి ఒక మాట. నేనూ ఆ వీధుల్లో తిరిగినవాణ్ణే. అక్కడ లారీ ఇంజిన్ దింపేటప్పుడు పైన చైన్‌పుల్లీ ఉంటుంది, కింద నలుగురు కుర్రాళ్లుంటారు, బోల్టు విరిగితే రెండు షెడ్ల అవతల లేత్ ఉంటుంది, సాయంత్రానికి పని కానిచ్చేస్తారు. నాన్నగారి చేతిలో పనితనం ఉంది, నిజమే, దాని చుట్టూ ఒక ఊరంత సాయం కూడా ఉంది. మీ గరాజ్‌లో మీరొక్కరే. రాత్రి పదకొండింటికి ఒక ఎగ్జాస్ట్ స్టడ్ విరిగిపోతే పక్కింటివాళ్ల దగ్గర డ్రిల్లు కూడా దొరక్కపోవచ్చు. అప్పుడు కారు నెలల తరబడి స్టాండ్ల మీద ఉండిపోతుంది, లోన్ 520 మాత్రం ప్రతి నెలా కట్ అవుతూనే ఉంటుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. ఇవాళ మీ కారు లీక్ ఉన్న కారు, దానికి 49,000 ఇచ్చే మనిషున్నాడు. ఇంజిన్ దింపి, నట్లూ బోల్టులూ డబ్బాల్లో పోసి, మధ్యలో ఆపేసిన కారుకి ఆ మనిషి ఉండడు, ఉన్నా సగం ధర అడుగుతాడు. అంటే మీకు అమ్ముకునే దారి మొదటి బోల్టు విప్పే క్షణం వరకే. షాపా ఇల్లా అన్నది తర్వాత తేలే సంగతి. మొదలుపెడితే పూర్తి చేసే డబ్బు ఇవాళ చేతిలో ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

లేదు. అత్యవసర నిధి 19,000 అంటే మీ ఖర్చులకి రెండున్నర నెలల పైచిలుకు. మామూలు కుటుంబానికైతే మూడు నెలలకి కాస్త తక్కువైంది, పర్లేదు అనేవాణ్ణి. మీ ఇద్దరివీ హెచ్-1బిలు. ఒక ఉద్యోగం పోతే 60 రోజుల్లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా బయల్దేరాలి. ఆ రెండు నెలల్లో ఈ ఇంటి లోన్ కిస్తీలూ, కార్ల కిస్తీలూ, అవసరమైతే నలుగురికి టికెట్లూ అన్నీ ఆ నిధి నుంచే రావాలి. దాన్ని క్లచ్ ప్లేటు కోసం ముట్టుకోవద్దు.

401(కె) లోన్ కూడా వద్దు. "వడ్డీ నాకే కదా వస్తుంది" అని రాశారు, అది నిజమే, అందుకే జనం బుట్టలో పడతారు. నిబంధనల ప్రకారం మీ వాటాలో సగం లేదా 50,000, ఏది తక్కువైతే అంత తీసుకోవచ్చు, మామూలుగా ఐదేళ్లలో జీతం నుంచి తిరిగి కట్టాలి. జీతం ఆగిపోతే? చాలా ప్లాన్లలో ఉద్యోగం వదిలాక మిగిలిన బాకీని మీరు డబ్బు తీసేసుకున్నట్టే లెక్కేస్తారు. ఆ ఏడాది ట్యాక్స్ ఫైల్ చేసే గడువులోపు, ఎక్స్‌టెన్షన్ కూడా కలుపుకుని, అంత డబ్బు ఐఆర్ఏలో (సొంత రిటైర్మెంట్ ఖాతాలో) వేయగలిగితే సరే. లేకపోతే 22 శాతం ట్యాక్స్, 59½ ఏళ్లు నిండలేదు కాబట్టి 10 శాతం జరిమానా. 8,000 బాకీ ఉండగా ఉద్యోగం పోతే 2,560 పోయినట్టు. ఎప్పుడు? జీతం లేనప్పుడు, వీసా గడియారం నడుస్తున్నప్పుడు.

వీడియోల ఆదాయం మాట ఎత్తకండి. మీ పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ, దేనికీ పని చేసి సంపాదించడానికి హెచ్-1బి ఒప్పుకోదు. యాడ్ల డబ్బు ఆ కిందకి వస్తుందా రాదా అన్నది ఇమిగ్రేషన్ లాయర్ చెప్పాలి గానీ లిఫ్టు ఖర్చు కోసం గ్రీన్‌కార్డ్ లైన్లో ఉన్నవాడు ఆ ప్రశ్న దాకా వెళ్లడమే నాకు నచ్చలేదు. వీడియోలు తీయండి, కానీ మీ కోసం తీసుకోండి. ఏ గొట్టం ఎటు పోయిందో తిరిగి బిగించేటప్పుడు అవే దిక్కు.

మరి ఏం చేయాలి? డబ్బు ఒక్కటే చూస్తే మీ ఆవిడ చెప్పిందే రైటు. 49,000కి అమ్మి లోన్ 21,000 తీర్చేస్తే 28,000 చేతికొస్తుంది, నిధి 47,000 అవుతుంది, నెలకి 520 తగ్గుతుంది, మొత్తంగా ఏడు నెలల ఖర్చు బ్యాంకులో ఉంటుంది. హెచ్-1బి ఇంటికి అది హాయిగా నిద్రపట్టించే అంకె. నేనే మీ చోట ఉంటే అమ్మేసేవాణ్ణి, కానీ నాకు ఆ కారు మీద మీకున్న ప్రేమ లేదు కాబట్టి నాకు తేలిక.

అమ్మబుద్ధి కాకపోతే ఇలా చేయండి. ఇప్పుడు జూన్. నెలకి మిగిలే 1,400 ఒక వేరే ఖాతాలో వేయండి, అక్టోబర్ ఆఖరికి 7,000 అవుతుంది, నా 6,900 లెక్కకి సరిపోతుంది. ఎలాగూ ఆగస్టులో డాలస్ గరాజ్‌లో కారు కింద పడుకుంటే మీరే ఉడికిపోతారు, నవంబర్ నయం, థాంక్స్‌గివింగ్ సెలవులు కలిసొస్తాయి. ఈలోగా మీ ఇద్దరిలో ఎవరి కంపెనీలోనైనా లేఆఫ్‌ల మాట వినపడినా, ఆ ఖాతాలో డబ్బు వేరే అవసరానికి వాడాల్సి వచ్చినా, ఇంజిన్ ముట్టుకోకుండా అమ్మేయండి. ఈ షరతు మీ ఆవిడ ఎదుట ఇప్పుడే ఒప్పుకోండి, తర్వాత మాట మార్చకుండా.

దింపాక పైపుల పని మాత్రం మీరు చేయకండి. మళ్లీ జిగురు పెట్టి అతికించడం పని కాదు, ఇంకో బాకీ. హౌసింగులు విప్పి అల్యూమినియం వెల్డింగ్ బాగా తెలిసిన షాపుకి పంపి వెల్డ్ చేయించండి, లేదా పిన్నులు వేయించండి, బిల్లు జాగ్రత్త చేయండి. ఈ కారు కొనేవాళ్లు మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి, రేపు అమ్మేటప్పుడు ఆ కాగితం మీ మాట కంటే ఎక్కువ పలుకుతుంది.

ఇన్సూరెన్స్ వైపు: లోన్ ఉన్నంతకాలం కొలిజన్ (గుద్దుకుంటే మన కారుకే డబ్బిచ్చే కవరేజ్) తీసేయడానికి ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకోదు, కారు నడవట్లేదని చెప్పి పాలసీలో రాసిన మైలేజీ అంచనా తగ్గించమని మాత్రం అడగొచ్చు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్లవాళ్ల సంఘం) రూల్స్ చదవండి, చాలా కాలనీల్లో డ్రైవ్‌వేలో రిపేర్లు చేయనివ్వరు. మీ గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉందేమో చూడండి, పెట్రోల్ లైన్ విప్పేటప్పుడు ఆ మంట ఆర్పకపోతే ఇల్లే పోతుంది. సాయానికొచ్చిన ఫ్రెండ్‌కి దెబ్బ తగిలితే ఇంటి పాలసీలో మెడికల్ పేమెంట్స్ కింద మామూలుగా ఉండేది 1,000 నుంచి 5,000 వరకే, అది ఎమర్జెన్సీ రూమ్ గుమ్మం దగ్గరే అయిపోతుంది. పాత కూలెంట్ డ్రైన్‌లో పోయకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, విషం.

నాన్నగారి సంగతి. ఎలాగూ దీపావళికి రప్పిద్దామనుకుంటున్నారని రాశారు కాబట్టి రానివ్వండి, ఇంజిన్ కోసమని ప్రత్యేకంగా టికెట్ కొనకండి. విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకి మామూలుగా కవరేజ్ ఉండదు, 71 ఏళ్ల మనిషికి అసలే నడుం నొప్పి అన్నారు. గరాజ్‌లో ఒక కుర్చీ వేయండి, పక్కన టీ పెట్టండి, ఏ బోల్టు ముందు విప్పాలో అక్కణ్ణుంచే చెప్తారు. ఈసారి కూడా పానాలు మీ చేతిలోనే ఉండాలి. ఆయన్ని మాత్రం కారు కిందకి దూరనివ్వకండి, ఆగమన్నా ఆగరని నాకు తెలుసు, కుర్చీ కాస్త దూరంగా వేయండి.