సీజన్ హెల్పర్‌గా చేరితే ఉద్యోగం పర్మనెంట్ అవుతుందా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయికి 19 ఏళ్లు, గ్రీన్ కార్డు ఉంది, కాలేజీలో చదువుతున్నాడు. నవంబరు, డిసెంబరు నెలల్లో యూపీఎస్ పార్సిల్ కంపెనీలో డ్రైవర్ హెల్పర్‌గా చేరతానంటున్నాడు. అక్కడ టీమ్‌స్టర్స్ యూనియన్ ఉంది కాబట్టి ఒకసారి చేరితే తీసేయలేరని వాడి ఫ్రెండ్స్ చెబుతున్నారు. నిజమేనా? చందా కట్టాలా? డ్రైవర్ కోసం రోడ్డు పక్కన ఎదురుచూసే టైముకి జీతం ఇస్తారా? మా మరిది కొడుకు ఇక్కడే ఎం.ఎస్. చేస్తున్నాడు, ఎఫ్-1 వీసా. అతనూ చేరొచ్చా?

జవాబు: ఫ్రెండ్స్ చెప్పింది సగమే నిజం. యూనియన్ ఉంది, ఒప్పందమూ గట్టిదే. యూపీఎస్‌కీ యూనియన్‌కీ మధ్య 2023 ఆగస్టు 1 నుంచి 2028 జూలై 31 దాకా నడిచే నేషనల్ మాస్టర్ అగ్రిమెంట్ కుదిరినప్పుడు దాని కింద సుమారు 3,40,000 మంది ఉన్నారు, ఓటింగులో 86.3 శాతం మంది దానికి సరే అన్నారు. కానీ ఊరికే తీసేయకుండా కాపాడే రూల్సు సీనియారిటీ వచ్చినవాళ్లకి. పండగ రద్దీ కోసం తీసుకున్నవాళ్ల పనిరోజులు ఆ సీనియారిటీకి లెక్కలోకి రావని చాలా చోట్ల సప్లిమెంట్లలోనే రాసి ఉంటుంది. జనవరి రాగానే పిలవడం మానేస్తే దాన్ని అక్రమ తొలగింపు అనడం కష్టం.

సప్లిమెంట్ అంటే ఏంటంటే, దేశమంతటికీ ఉన్న మాస్టర్ అగ్రిమెంట్ కింద ప్రాంతాల వారీగా చేసుకున్న విడి ఒప్పందం. ఇవి నలభైకి పైగా ఉన్నాయి. హెల్పర్ల సంగతి, పీక్ సీజన్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది, ప్రొబేషన్ ఎన్ని రోజులు అనేవి ఎక్కువగా వీటిలోనే తేలతాయి. టెక్సాస్‌లో ఎవరికో వర్తించింది మీవాడికి వర్తించకపోవచ్చు. కాబట్టి చేరిన మొదటి వారంలోనే స్టీవార్డ్‌ని (పనిచేసే చోట ఉండే యూనియన్ ప్రతినిధిని) కలిసి "నాకు ఏ సప్లిమెంట్ వర్తిస్తుంది, అందులో సీజనల్ వాళ్ల గురించి ఏ పేజీలో ఉంది" అని అడగమనండి. "బాగా చేస్తే ఉంచేసుకుంటాంలే" అని సూపర్‌వైజర్ అంటే సంతోషించవచ్చు కానీ దాని మీద ఆశలు పెట్టుకోవద్దు, ఎందుకంటే ఒప్పందానికి విరుద్ధంగా కంపెనీ ఒక్కో ఉద్యోగితో విడిగా మాట్లాడుకోవడం చెల్లదని మాస్టర్ అగ్రిమెంట్ ఆరో ఆర్టికల్‌లోనే ఉంది.

యూనియన్ దృష్టిలో సీజన్ మనిషి ఇంటికొచ్చిన చుట్టమే తప్ప వాటాదారు కాడు. 2023 ఒప్పందమే చూడండి: సొంత కారులో పార్సిళ్లు పంచే సీజనల్ పనిని నవంబరు, డిసెంబరుల్లో ఐదు వారాలకే పరిమితం చేశారు, అందులోనూ ముందు అవకాశం అప్పటికే ఉన్న పార్ట్‌టైమ్ వాళ్లకి. (ఇది కారు డ్రైవర్ల సంగతి. ట్రక్కులో డ్రైవర్ పక్కన కూర్చునే హెల్పర్ పని వేరు, చాలామంది ఈ రెండూ కలిపేస్తారు.) అలాగే పార్ట్‌టైమ్ వాళ్లకి కనీసం 21 డాలర్లు అని వాట్సాప్‌లో చూసి హెల్పర్‌కీ అంతే అనుకోకండి, ఆఫర్ లెటర్‌లో ఉన్న రేటును సప్లిమెంట్‌తో పోల్చి చూసుకోవాలి.

చందా విషయానికొస్తే, న్యూజెర్సీ రైట్-టు-వర్క్ రాష్ట్రం (అంటే యూనియన్ చందా తప్పనిసరి చేయకూడదనే చట్టం ఉన్న రాష్ట్రం) కాదు. ఒప్పందంలో యూనియన్ సెక్యూరిటీ క్లాజు (ఉద్యోగులు యూనియన్‌కి చందా కట్టాలనే షరతు) ఉంటే, చేరిన 30 రోజుల తర్వాత చందా అడగొచ్చని ఫెడరల్ చట్టమే చెబుతోంది. టీమ్‌స్టర్స్ చందా మామూలుగా నెలకి గంట జీతానికి రెండున్నర రెట్లు, అంటే గంటకు 21 డాలర్లు వచ్చేవాడికి 52 డాలర్ల 50 సెంట్లు, చేరిక ఫీజు వేరు. నెల దాటి పనిచేసేటట్టయితే ఇదీ లెక్కలో పెట్టుకోండి. జీతంలోంచి కోసుకోవాలంటే అతను రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. చేరిన రోజు ఇచ్చే కాగితాల కట్టలో ఆ ఒప్పుకోలు కార్డు కూడా ఉంటుంది, చదవకుండా సంతకం పెట్టొద్దనండి.

అసలు జాగ్రత్త పడాల్సింది మీరు మూడోది అడిగారే, ఎదురుచూసే టైము గురించి, అక్కడ. ఉద్యోగ భద్రత తక్కువైనా జీతం చట్టాలు మాత్రం సీజనల్ వాళ్లకీ పూర్తిగా వర్తిస్తాయి. హెల్పర్ చాలాసార్లు డిపోకి వెళ్లడు, ఏదో షాపు పార్కింగ్‌లో ట్రక్కు ఎక్కుతాడు. ఎనిమిదిన్నరకి రమ్మన్నారు, ట్రక్కు తొమ్మిదీ పదికి వచ్చింది, లెక్క మాత్రం తొమ్మిదీ పది నుంచే మొదలైంది అనుకోండి: చెప్పిన టైముకి చెప్పిన చోట నిలబెట్టి, కదలనివ్వకుండా ఉంచితే అది సాధారణంగా పని టైమే, ఆ నలభై నిమిషాలకి డబ్బు అడగొచ్చు. పిలిచి పని లేదని పంపేస్తే న్యూజెర్సీ రూల్స్ ప్రకారం మామూలుగా కనీసం గంట జీతం ఇవ్వాలి. 2025 డిసెంబరులో న్యూయార్క్ అటార్నీ జనరల్ యూపీఎస్ మీద వేసిన దావాలో, సీజనల్ ఉద్యోగుల చేత లెక్కలోకి రాని పని చేయించారన్నది ముఖ్యమైన ఆరోపణ. అది ఆరోపణే, తీర్పు కాదు. కానీ గొడవ ఎక్కడొస్తుందో దాన్ని బట్టి తెలుస్తుంది.

అందుకే రోజూ ఫోన్‌లో రాసుకోమనండి: ఎక్కడికి రమ్మన్నారు, తను ఎన్నింటికి వెళ్లాడు, ట్రక్కు ఎప్పుడొచ్చింది, ఎన్నింటికి దిగాడు, భోజనానికి నిజంగా అరగంట ఆగారా లేదా. సూపర్‌వైజర్ పంపిన మెసేజ్‌లు డిలీట్ చేయకూడదు. పే స్టబ్‌లో తేడా కనిపిస్తే వెంటనే స్టీవార్డ్‌కి చెప్పాలి, గ్రీవెన్స్ (యూనియన్ ద్వారా కంపెనీకి పెట్టే ఫిర్యాదు) గడువు రోజుల్లో ఉంటుంది. ఆ గడువు దాటినా, రాష్ట్ర జీతాల చట్టం కింద ఫిర్యాదుకి ఆరేళ్ల టైముంది. ఐసు మీద జారి దెబ్బ తగిలితే మొదటి రోజైనా వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలినవాళ్లకి ఇచ్చే బీమా) ఉంటుంది, ఆ రోజే సూపర్‌వైజర్‌కి చెప్పి మెసేజ్ కూడా పెట్టాలి.

ఇక మీ మరిది గారి అబ్బాయి. వద్దు. ఎఫ్-1 మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే స్టేటస్ పోతుంది. సీపీటీ, ఓపీటీ (ఎఫ్-1 విద్యార్థులకి క్యాంపస్ బయట పనికిచ్చే అనుమతులు) అంటారేమో, అవి చదువుకి సంబంధించిన పనికే, పార్సిళ్లు మోయడం ఎం.ఎస్. సబ్జెక్టు కిందికి రాదు. మీ అబ్బాయి పేరు మీద ఇతను వెళ్లడమనే ఐడియా ఎవరైనా ఇస్తే అది మోసం కేసు, ఇద్దరూ ఇరుక్కుంటారు, మీవాడి గ్రీన్ కార్డుకీ ఎసరొస్తుంది. అతనికి డబ్బు అవసరమైతే చదువు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లోనే వారానికి 20 గంటల దాకా చేసుకోవచ్చు, ముందు యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుకి వెళ్లి అడగమనండి.